మూడో మాట ఆటోమేటిగ్గా రాదండీ

స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రం రాసిన పెద్దలకు, దాన్ని ఇప్పుడు జిల్లాలకీ నియోజకవర్గాలకీ ప్రణాళికలుగా విడగొడుతున్న అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టార్ని నేను. మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండికీ ఆకివీడుకీ మధ్యన ఒక ఊరు. మేడ ఎక్కి చూస్తే ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటి మధ్య అక్కడక్కడ మిగిలిపోయిన వరి మడులు. డబ్బుకి మా ఊరు పెద్దగా మొహం వాచింది లేదు. ఈ ఉత్తరం డబ్బులు అడగడానికి కాదని ముందే చెబుతున్నాను, ఖంగారు పడకండి.

కిందటేడు మా మండలంలో ఒక సమావేశం పెట్టారు. తెర కట్టారు, ఏసీ హాలు, వేదిక మీద మూత తీయని నీళ్ల సీసాలు. ఒక అధికారిగారు వచ్చి స్లైడ్లు వేసి ఓపిగ్గా వివరించారు. 2047 నాటికి రాష్ట్రం 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ అవుతుంది, తలసరి ఆదాయం 42 వేల డాలర్లకి చేరుతుంది, అందుకు ఏటా 15 శాతం వృద్ధి కావాలి. ప్రతి స్లైడు కింద మూడు మాటలు: హెల్దీ, వెల్దీ, హ్యాపీ. నేను చెయ్యెత్తాను. "వెల్దీ అంటే 42 వేల డాలర్లన్నారు, బాగుంది. హ్యాపీ అంటే ఎంతండీ?" అని అడిగాను. హాల్లో అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. "ముందు ఆ రెండూ రానివ్వండి మాస్టారూ, మూడోది ఆటోమేటిగ్గా వచ్చేస్తుంది" అని తరువాతి స్లైడుకి వెళ్లిపోయారు.

ఆయన మంచి మనిషే, నన్ను చిన్నబుచ్చాలని అన్న మాట కాదది. కానీ బోర్డు మీద తప్పు లెక్క అలాగే ఉండిపోతే నిద్రపట్టని వృత్తిరోగం నాది. ఆ 'ఆటోమేటిగ్గా' గురించే ఈ ఉత్తరం.

పాత రోజులే బంగారం అనే ముసలివాళ్ల జాబితాలో నన్ను వెయ్యకండి. నాకు పాత రోజులు బాగా గుర్తున్నాయి. మా పిన్నికి కాన్పు కష్టమైతే ఎడ్లబండిలో గడ్డి పరిచి భీమవరం బయల్దేరారు. సగం దారిలోనే ప్రాణం పోయింది. ఇవాళ అదే దారిలో కారు ఇరవై నిమిషాల్లో ఆసుపత్రి ముందు ఆగుతుంది. మా అమ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ చేయించాం, ఆవిడ ఎనభై దాటాక కూడా పేపరు చదివింది. ఇవన్నీ డబ్బు వల్ల వచ్చినవే. డబ్బుతో సంతోషం రాదని నీతులు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లలో చాలామందికి ఎడ్లబండి ప్రయాణం తెలియదు.

నా ఇబ్బంది వేరే. అది చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మాకు తలా అయిదెకరాలు వచ్చింది. రెండు పంటల వరి. నేను ఉద్యోగంలో పడి నా వాటా కౌలుకిచ్చేశాను, వాడు సేద్యంలో ఉండిపోయాడు. తొంభైల్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు ఊరంతా ఎగబడితే వాడు ఆగాడు. తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోతే, ఆగినందుకు పొంగిపోయాడు కూడా. 2009లో వనామి అనే కొత్త రకం రొయ్యకి అనుమతి వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లు పక్కవాళ్ల చెరువుల్లో దిగుబడులు చూసి చూసి, ఇక ఆగలేక 2012లో వాడూ తవ్వించాడు. ఇప్పుడు సొంతం అయిదెకరాలు, లీజుకి పన్నెండు. మూడంతస్తుల ఇల్లు, అందులో లిఫ్టు, పై అంతస్తులో పెద్ద ఏసీ గది, దానికి గచ్చుగా ఇటలీ రాయి.

ఆ గదిలో మా మరదలు ఒక్కతే పడుకుంటుంది.

రొయ్యల చెరువు పని తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది. తెల్లవారుజామున, పొద్దు పొడిచే ముందు అట్టడుగుకి పడిపోతుంది. ఆ వేళలో ఏరియేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు, తిరగకపోతే రొయ్యలు పైకి తేలి, అంచులకి చేరి, తెల్లారేసరికి నాలుగు నెలల పెట్టుబడి గట్టు మీద కంపు కొడుతుంది. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ లేవాలి. అందుకని మా తమ్ముడు చెరువు మకాంలో నులక మంచం మీద పడుకుంటాడు. పడుకోవడమంటే నడుం వాల్చడం. ఏరియేటర్ల హోరు ఆగిందంటే వాడికి మెలకువ వచ్చేస్తుంది. అందరికీ చప్పుడైతే మెలకువ వస్తుంది, వాడికి చప్పుడు ఆగితే వస్తుంది. పండక్కి ఇంట్లో పడుకున్నా రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడట. ఏమీ వినపడకపోయేసరికి గుండె దడ.

వాడికి బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, నిద్రమాత్ర. మాత్రలు కొన్న డబ్బు మీ వృద్ధి లెక్కలోకి చేరుతుందని నాకు తెలుసు. పోయిన నిద్ర ఏ లెక్కలోంచి తీసేశారో తెలియదు.

ఒకరోజు గట్టు మీద టీ తాగుతూ వాడికో ప్రశ్న వేశాను. ఇది నా సొంతం కాదు. ఐక్యరాజ్యసమితి భాగస్వామ్యంతో 2012 నుంచి వస్తున్న ప్రపంచ సంతోష నివేదికకు మూలమైన ప్రశ్న ఇదే. "ఒక నిచ్చెన ఉందనుకో. అట్టడుగున సున్నా, అంటే నీకు ఎంత అధ్వానంగా గడవగలదో అంత. పైన పది, అంటే ఎంత బాగా గడవగలదో అంత. నువ్విప్పుడు ఎన్నో మెట్టు మీద ఉన్నావు?"

వాడు చెరువు వంక చూసి, "ఐదు అనుకో" అన్నాడు.

"వరి చేసేటప్పుడో? పెంకుటిల్లు, పాత స్కూటరు ఉన్నప్పుడు?"

ఈసారి కాస్త ఎక్కువసేపే ఆలోచించాడు. "అప్పుడూ ఐదే అన్నయ్యా. కాకపోతే అప్పుడు నిచ్చెన పొట్టిది."

లెక్కల మాస్టార్ని కదా, అక్కడే ఏరియేటర్ కేబుల్ సర్దుతున్న కాపలా కుర్రాణ్ణి కూడా అడిగాను. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లాం బిడ్డలతో వచ్చి మకాంలోనే ఉంటున్నాడు. నెలకి పదిహేను వేలు. "రెండండి" అన్నాడు తడుముకోకుండా. మూడు కావాలంటే ఏం కావాలి అంటే, "మా ఊళ్లో స్లాబు ఇల్లు, పాపని మంచి బళ్లో వెయ్యడం" అన్నాడు. అతనికి డబ్బు కావాలి. అతని విషయంలో మీ అధికారిగారి 'ఆటోమేటిగ్గా' చాలావరకు నిజం. రెండు నుంచి నాలుగుకో ఐదుకో డబ్బే ఎక్కిస్తుంది. మా తమ్ముడి దగ్గరకొచ్చేసరికే ఆ లెక్క ఆగిపోతోంది.

ఈ చిక్కుముడి మా గట్టు మీద పుట్టింది కాదు. అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్ 1974లోనే దీన్ని బయటపెట్టాడు. ఒక దేశంలో ఏ రోజున చూసినా ఉన్నవాడు లేనివాడికంటే ఎక్కువ సంతోషంగానే ఉన్నానంటాడు. కానీ దేశం మొత్తం ఏళ్ల తరబడి ధనికమవుతూ పోయినా, సంతోషం మాత్రం అంత పెరగదు, ఉన్నచోటే ఉంటుంది. జపాన్‌లో 1958 నుంచి 1987 మధ్య తలసరి ఆదాయం అయిదింతలైంది. ఇళ్లలోకి ఫ్రిజ్జులు, టీవీలు, కార్లు వచ్చాయి. జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారని అడిగితే జనం చెప్పే జవాబు మాత్రం కదల్లేదు. దీన్నే ఈస్టర్లిన్ వైరుధ్యం అంటారు. ఆయన చెప్పిన కారణం మా తమ్ముడు ఒక్క ముక్కలో చెప్పేశాడు: సంపాదనతో పాటు నిచ్చెన కూడా పొడుగవుతుంది.

ఈ మాటను ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, వాళ్ల వాదనా చెప్పాలి. బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వోల్ఫర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2008లో మరిన్ని దేశాల గణాంకాలు తీసి, ఆదాయంతో పాటు సంతోషమూ పెరుగుతూనే ఉంటుందన్నారు. నోబెల్ గ్రహీతలు డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ 2010లో అమెరికన్ల మీద చేసిన పరిశీలనలో, ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం ఇక పెరగడం లేదని తేలింది. తర్వాత మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే ఆయన, అలా ఆగడం నాకు కనపడలేదన్నాడు. కానెమన్ పట్టుదలకి పోకుండా ఆయనతోనే కలిసి కూర్చుని మళ్లీ లెక్కలు తీశాడు (పెద్ద మనిషంటే అలా ఉండాలి). 2023లో తేలిందేమిటంటే, ఎక్కువమందికి ఆదాయంతో సంతోషం పెరుగుతూనే పోతుంది. అప్పటికే దిగులుతో నలుగుతున్న కొద్దిమందికి మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బు పనిచెయ్యడం మానేస్తుంది. అంటే డబ్బు దండగ అనీ తేలలేదు, డబ్బే చాలనీ తేలలేదు. మీ స్లైడు మీద ఈ రెండో సగం లేదు, నా గొడవ అదే.

నిచ్చెన పొడుగవడం ఎలా ఉంటుందో చూపిస్తాను. ఒక పంటలో మా తమ్ముడికి ఖర్చులు పోను ఎనిమిది లక్షలు మిగిలింది. ఇంటికొచ్చినవాడి మొహంలో కళ లేదు. మరదలు భయపడి నాకు ఫోన్ చేసింది. వెళ్లి కూర్చుని బతిమాలితే చెప్పాడు, పక్క చెరువాయనకి ముప్పై కౌంటు (కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్య) తగిలి పదిహేను లక్షలు మిగిలిందట. ఎనిమిది లక్షలు సంపాదించిన రోజు వీడు ఏడు లక్షలు పోగొట్టుకున్నవాడిలా పడుకున్నాడు. మీ లెక్కలో ఆ రోజు మా జిల్లాకి ఇరవై మూడు లక్షలు వచ్చిపడ్డాయి. మా వీధిలో సంతోషించినవాడు ఒక్కడు. ఆ ఒక్కడూ మరుసటి నెల మూడో చెరువు తవ్వించడానికి అప్పు చేశాడు.

సంక్రాంతి అల్లుళ్ల సంగతి మీరూ ఫోన్లో చూసే ఉంటారు. మొదట్లో యాభై రకాలు వడ్డించారు. తర్వాత నూట యాభై, ఆపైన మూడొందలు. అరిటాకు చాలక బల్లలు వరసగా కలిపి పరుస్తున్నారు. మా వీధిలో ఒక ఇంట ఆ భోజనం పెట్టినప్పుడు నేనూ వెళ్లాను. ఫోటోలకే గంటన్నర పట్టింది. అల్లుడు చల్లారిపోయిన పులిహోర, పెరుగన్నం తిని లేచాడు. తెల్లవార్లూ వంటింట్లో నిలబడ్డ అత్తగారి కాళ్లు వాచిపోయాయి. వచ్చే ఏడు పక్కింటివాళ్లు మరో పాతిక రకాలు కలుపుతారు. (కోడి పందేల డబ్బు ఎలాగూ మీ పద్దులోకి రాదు, దాని జోలికి నేను వెళ్లను.)

ఇక సగటు. తలసరి ఆదాయం అంటే మొత్తం ఆదాయాన్ని తలలతో భాగించడం. తొమ్మిదో తరగతి పిల్లలకి సగటు చెప్పేటప్పుడు, అది ఏం చెప్పదో ముందు చెప్పేవాణ్ణి. మంచి ఏడాదిలో మా తమ్ముడి ఆదాయం నలభై లక్షలు, కాపలా కుర్రాడిది లక్షా ఎనభై వేలు. వాళ్లిద్దరి సగటు ఇరవై లక్షల తొంభై వేలు. అంత సంపాదిస్తున్నట్టు ఆ కుర్రాడికి తెలియదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకి అతిపెద్ద సంత అదే. ట్రంప్‌గారు అక్కడ నోరు విప్పితే ఇక్కడ కౌంటు ధర కూలేది. మా తమ్ముడు మేత ధర చూడ్డం మానేసి వాషింగ్టన్ వార్తలు చూడ్డం మొదలుపెట్టాడు. ఆ ఏడు వాడికి మిగలడం మాట అటుంచి, చేతిలోంచి పోయింది. మకాంలో ఉన్న అందరిలోకీ ఎక్కువ ఆదాయం ఆ ఏడు కాపలా కుర్రాడిదే. అతని నిచ్చెన మెట్టు మాత్రం రెండు దగ్గరే ఉంది, యజమాని జీతం ఆపేస్తాడేమోనన్న భయం అదనం.

వరి ఉన్న రోజుల్లో నాట్లకి, కలుపుకి, కోతకి ఊళ్లో ఆడవాళ్లు బారులు తీరేవారు. చెరువుకి అంతమంది అక్కర్లేదు. పదిహేడెకరాలకి మా తమ్ముడి దగ్గర పనిచేసేది ముగ్గురు. ఎకరా మీద వచ్చే విలువ ఎన్నో రెట్లు పెరిగింది, దాని చుట్టూ ఉండే మనుషులు తగ్గిపోయారు. మీ పట్టికలో ఇది ఉత్పాదకత పెరుగుదల. నాట్ల పని పోయిన ఆడవాళ్లు తెల్లవారుజామునే ఆటో ఎక్కి రొయ్యల ప్లాంట్లకి, తల వలిచే పనికి పోతున్నారు. నాలుగు డబ్బులు ఎక్కువే వస్తున్నాయి, కాదనను. చలిగదుల్లో, మంచునీళ్లలో నానిన ఆ వేళ్లు సాయంత్రానికి తెల్లగా ముడతలు పడి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి రాకుండా ఉంటాయి. నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయే నాకు చూపించింది.

నీళ్ల సంగతి కూడా చెప్పి మీ పద్దు దగ్గరకి వస్తాను. మా పెరట్లో తాతగారు తవ్వించిన బావి ఉంది. తియ్యటి నీళ్లు. ఆ నీళ్లలో కందిపప్పు ఇట్టే ఉడికేదని మా అమ్మ పక్కవీధి వాళ్లకి కూడా ఒక బిందె ఇచ్చేది. చెరువుల కోసం ఊరి చుట్టూ ఉప్పునీటి బోర్లు వేశారు. ఆ నీళ్లు చెరువుల్లో నిలిచి భూమిలోకి దిగాయి. ఇప్పుడు మా బావి నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఎవర్నో తిట్టడం లేదు. ఆ ఉప్పులో మా తమ్ముడి వాటా ఉంది, కౌలు కాస్త ఎక్కువొస్తుందని నా అయిదెకరాలూ చెరువుకే ఇచ్చిన నా వాటా ఉంది.

కాబట్టి మంచినీళ్ల టిన్నులు కొంటున్నాం. ఇంటికి తెచ్చి పోస్తే ఇరవై రూపాయలు, రోజుకి రెండు టిన్నులు. ఏడాదికి 14,600. ఊళ్లో వందల ఇళ్లు. అందులో ప్లాంటువాడి కరెంటు, డీజిలు ఖర్చు పోగా మిగిలిన విలువంతా మీ స్థూల ఉత్పత్తిలో కలుస్తుంది. మా తాతగారి బావి ఉన్నన్నాళ్లూ దాని నీళ్లకి మీ లెక్కలో విలువ సున్నా, ఎవరూ కొనలేదు కనుక. బావి చచ్చిపోయినప్పుడు తీసివేత కూడా సున్నా. టిన్ను వచ్చాక మాత్రం కూడిక. ఒక ఊరు తన మంచినీళ్లు పోగొట్టుకుని వృద్ధి సాధించింది!

ఈ లెక్కకి తండ్రిలాంటి సైమన్ కుజ్నెట్స్ 1934లో అమెరికా సెనేట్‌కి మొట్టమొదటి జాతీయాదాయ నివేదిక ఇస్తూనే, ఈ అంకెను చూసి ఒక జాతి బాగోగులు తేల్చలేమని అందులోనే రాశాడు. తొంభై ఏళ్లు దాటింది. అంకె మిగిలింది, హెచ్చరిక రాలిపోయింది.

సంతోషం ర్యాంకుల మీద నాకు మరీ అంత గురి లేదు. ఏటా ఏదో కొద్దిమందిని అడిగి నూట నలభై కోట్లమందికి ర్యాంకు ఇవ్వడం మాస్టారుగా నాకు మింగుడుపడదు. 2025లో 147 దేశాల్లో మనది 118 అన్నారు. నేపాల్, పాకిస్తాన్ మనకంటే పైన ఉన్నాయని టీవీల్లో కేకలు వేశారు. ఆ కేకలు వదిలేసి నివేదిక లోపల చూస్తే పనికొచ్చే సంగతులున్నాయి. 2018 నుంచి ఏటా ఫిన్లాండే మొదట. అది పేద దేశమేం కాదు, కానీ దానికంటే తలసరి ఆదాయం ఎక్కువున్న అమెరికా 2025లో 24వ స్థానానికి దిగిపోయింది. అమెరికాతో పోలిస్తే ఆదాయం బాగా తక్కువున్న కోస్టారికా ఆరో స్థానంలో, మెక్సికో పదో స్థానంలో ఉన్నాయి. ఆ ఏటి నివేదికలో కలిసి భోంచెయ్యడం గురించి ఒక అధ్యాయమే రాశారు. 2023లో అమెరికాలో ప్రతి నలుగురిలో ఒకరు, ముందురోజు అన్ని పూటలూ ఒంటరిగానే తిన్నానని చెప్పారట. 2003తో పోలిస్తే అది 53 శాతం ఎక్కువ. అది చదివాక మా వీధిలో ఇళ్లు లెక్కపెట్టుకున్నాను. పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉండి, నాలుగు పడగ్గదుల ఇంట్లో ఇద్దరో ఒక్కరో మిగిలినవి. సంఖ్య రాయను, వాళ్లు ఈ ఉత్తరం చదువుతారు.

భూటాన్ గురించి మనవాళ్లు ఊరికే పొగుడుతారు. అక్కడి కుర్రకారు కూడా పని వెతుక్కుంటూ ఆస్ట్రేలియా విమానం ఎక్కుతున్నారు. డబ్బు లేని సంతోషం వాళ్లకీ చాల్లేదు. అయినా వాళ్ల దగ్గర ఒక్క పద్ధతి నాకు నచ్చింది. స్థూల జాతీయ సంతోషం అంటూ 9 రంగాల్లో 33 సూచికలు పెట్టుకుని, ఎంచుకున్న ఇళ్లకి వెళ్లి అడుగుతారు. అందులో ఒక సూచిక నిద్ర. రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నావు అని ప్రభుత్వం మనిషి గుమ్మంలోకొచ్చి అడిగే దేశం! మా తమ్ముణ్ణి ఇంతవరకు ఏ అధికారీ ఆ ప్రశ్న అడగలేదు. ఎన్ని టన్నులు పట్టావు అని ఏటా అడుగుతారు.

మనవాళ్లకీ ఈ ఆలోచన కొత్త కాదు. 2018 ఏప్రిల్లో అమరావతిలో హ్యాపీ సిటీస్ సమ్మిట్ పెట్టారు. మధ్యప్రదేశ్‌లో 2016లో ఏకంగా ఆనంద విభాగమే తెరిచారు. దయచేసి మీరు మాత్రం మా కోసం కొత్త శాఖ పెట్టకండి. దానికో కమిషనరు, జిల్లాకో ఆనంద అధికారి, నెలకో సమీక్ష వస్తాయి. ఆ సమీక్షకి తహసీల్దారుకి టెన్షన్ ఒకటి.

ప్రభుత్వం సంతోషం పంచాలని నేను అడగడం లేదు. పక్కవాడి ముప్పై కౌంటు చూసి మా తమ్ముడు పడే ఏడుపుకి మీ దగ్గర మందు లేదు, నా దగ్గరా లేదు. కానీ వాడి నిద్రలో కొంత భాగం మీ చేతిలోనే ఉంది. రాత్రి రెండు నుంచి ఐదు దాకా మా ఫీడర్లలో కరెంటు పోదని గట్టిగా హామీ ఉంటే వాడు ఇంటికొచ్చి పడుకుంటాడు. వరికి ఉన్నట్టు చెరువుకి నమ్మదగ్గ బీమా ఉంటే, పోయినా సగం తిరిగొస్తుందన్న ధీమా వాడికి ఇంకో పది లక్షల లాభంకంటే ఎక్కువ పనిచేస్తుంది. ఫిన్లాండువాళ్లు పొద్దస్తమానం నవ్వుతూ ఉంటారని నేననుకోను. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా రోడ్డున పడమన్న నమ్మకం వాళ్లకుంది. ఆ నమ్మకానికి పన్నులు కట్టించుకునే ప్రభుత్వం పూచీ ఉంది.

అలాగే మీరు ఆక్వా జోన్లు, అంటే చేపల, రొయ్యల సాగుకి కేటాయించే హద్దులు, గీసేటప్పుడు ముందు ఊరి మంచినీళ్ల చెరువు, తాగే బావులు ఎక్కడున్నాయో గీయండి. వాటి చుట్టూ ఎంత దూరం ఉప్పునీటి బోరు వెయ్యకూడదో గీయండి. రొయ్యల చెరువుకి అనుమతి ఆ తర్వాత. ఆ గీత నా అయిదెకరాల మీదుగా పోతే పోనివ్వండి, సంతకం పెడతాను. మా తమ్ముణ్ణి ఒప్పించే పని నాకొదిలేయండి, అది మటుకు కొంచెం టైము పడుతుంది.

నియోజకవర్గ ప్రణాళికకి ఇంటింటి వివరాలు సేకరించినప్పుడు ఆదాయం గడి పక్కన ఇంకో మూడు గడులు వెయ్యండి. నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు? మీ ఇంట్లో తాగే నీళ్లు మీ ఊరివేనా, కొన్నవా? అర్ధరాత్రి కష్టమొస్తే పిలవగలిగిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ మూడోది కూడా ఆ ప్రపంచ నివేదికలో ఏటా అడిగేదే. అయిదేళ్ల తర్వాత మళ్లీ ఇవే అడగండి. తలసరి ఆదాయం రెట్టింపై, నిద్ర గంట తగ్గి, టిన్నులు పెరిగి, మూడో గడిలో 'లేరు' అన్న జవాబులు ఎక్కువైతే, ఆ పట్టికని తెర మీద వేసి మా అందరి ముందూ చదవండి. అంతవరకు మూడో మాట స్లైడు మీద నుంచి తీసేసినా నేను బాధపడను. లేని మార్కులు వెయ్యడం కంటే జవాబుపత్రం ఖాళీగా ఉంచడం మర్యాద.

మళ్లీ మా మండలంలో సమావేశం పెడతారని విన్నాను. ఏసీ హాల్లో ఉదయం పదకొండింటికట. ఆ అధికారిగారే వస్తే నాదొక మనవి. ముందురోజు రాత్రే రమ్మనండి. భోజనం మా ఇంట్లో, పులుసూ అన్నమే, రెండు రకాలకి మించదు. తెల్లవారుజామున మూడింటికి మా తమ్ముడి చెరువు గట్టు మీదకి తీసుకెళతాను. మకాంలో మంచం ఒక్కటే ఉంది, ఆయనకి కుర్చీ నేను పట్టుకొస్తాను. ఫ్లాస్కులో టీ ఉంటుంది. టిన్ను నీళ్లతో పెట్టిందే.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
పశ్చిమ గోదావరి జిల్లా